మూసిన గదిలో ఫోను

కంప్యూటర్ పక్కన నల్ల పెట్టె ఒకటి ఉండేది. దాని ముఖాన వరసగా చిన్న దీపాలు. కింద ఇంగ్లీషులో ఏవో రాసుండేవి. అవి నాకు చదవడం రాదు. తెలుగు అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటాక. అయినా మూడో దీపం వెలిగితే నెట్ ఉన్నట్టు, ఆరితే పోయినట్టు అని తెలుసు. ఆ వానాకాలమంతా ఆ దీపం మీద కన్నేసి కూర్చోవడమే నా పని. చిన్నప్పుడు కొల్లేట్లో తాటిదోనె మీద కూర్చుని గాలపు బెండుని అలాగే చూసేదాన్ని. బెండు మునిగితే చేప పడినట్టు. ఈ దీపం ఆరితే మా కోడలి పని పోయినట్టు.

కోడలిది వినే పని. ఎక్కడో పరాయి దేశపు డాక్టర్లు తమ రోగుల సంగతులు నోటితో చెప్పి పంపిస్తారు. అవి చెవులకి తగిలించుకుని విని, టైపు చేసి, సాయంత్రం లోపు హైదరాబాదు ఆఫీసుకి పంపాలి. ఎవరికి ఏ రోగమో, ఎవరు ఇంక బతకరో అన్నీ ఆమె చెవిలో పడేవి. మావాడు పోయాకే ఈ పని పట్టుకుంది. నెట్ కూడా ఆ తర్వాతే పెట్టించాం.

మావాడంటే నా ఒక్క కొడుకు, ఆమె మొగుడు. కామెర్లు ముదిరి వట్లూరులో మా ఇంట్లోనే, వీధివైపు గదిలో పోయాడు. పోయిన ఘడియ మంచిది కాదన్నారు పంతులుగారు. ధనిష్ఠా పంచకమట. అలా పోతే ఆ ఇల్లు వదిలేసి ఆరు నెలలు వేరేచోట ఉండాలి, లేకపోతే అదే ఇంట్లోంచి ఇంకొకర్ని తీసుకుపోతుందంటారు.

"ఇద్దరాడవాళ్ళం, ఎక్కడికి పోమంటారండీ?" అన్నాను.

ఆయన పంచాంగం తిరగేశారు. ఆ గది ఒక్కటీ మూసేసి, గడపకి అడ్డంగా ముళ్ళకంప పెట్టి, ఆరు నెలలూ తెరవకుండా ఉంటే చాలన్నారు. తాళం నేనే వేశాను. తాళంచెవి నా బొడ్డునే దోపుకున్నాను. ఇంకొకర్ని అంటే ఇంట్లో మిగిలింది ఇద్దరమే. ఎవర్ని అన్న మాట ఆమే అనలేదు, నేనూ అనలేదు.

నెట్ పెట్టించిన మొదటి రోజు నుంచీ దానికి నిలకడ లేదు. సగం ఫైలు వెళ్ళాక తెగిపోయేది. కోడలు పెట్టె ఆపి, కాసేపాగి మళ్ళీ వేసేది. దీపం వచ్చేది, మళ్ళీ ఆరేది. తీగలు మార్చింది. తీగకి తగులుతోందని వేపకొమ్మ కొట్టించాం. పక్కింటావిడ వచ్చి కంప్యూటర్‌కి నిమ్మకాయ కట్టమంది. "కట్టడానికి అదేమన్నా లారీనా అండీ?" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. రానీ.

లైన్‌మన్ తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి వచ్చి అన్నీ చూశాడు. హాల్లో ఫోన్‌కీ తీగకీ మధ్య ఉన్న చిన్న డబ్బీని ఊడదీసి, ఊది, మళ్ళీ పెట్టాడు.

"ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్నిటికీ ఈ డబ్బీ ఉండాలండి. ఒక్కదానికి లేకపోయినా, ఫోన్ వచ్చినప్పుడల్లా నెట్ పోద్ది. ఇంకో ఫోనేమన్నా ఉందాండీ?"

"లేదండీ," అంది కోడలు.

"లేదయ్యా," అన్నాను నేనూ.

అబద్ధం చెప్పామని కాదు. మూసిన గది అప్పటికి మా లెక్కలో ఇల్లు కాదు. అందులో ఏముందో ఇద్దరి మనసుల్లోనూ లేదు.

అతను వెళ్ళాక నేను గమనించిందొకటే. ఫోన్ మోగితే దీపం ఆరుతోంది. ఆ ఫోన్లు తాడేపల్లిగూడెం నుంచి, కోడలి పుట్టింటి నుంచి. "ఇంకా అక్కడెందుకమ్మా, వచ్చెయ్యి," అని వాళ్ళ నాన్నగారు రోజూ మధ్యాహ్నం అడిగేవారు. ఆమె పంపే ఫైలు అప్పుడే తెగిపోయేది. ఇంకోసారి ఆలస్యమైతే పని వేరేవాళ్ళకి ఇస్తామని హైదరాబాదు వాళ్ళు చెప్పేశారు. పని పోతే ఆమె తాడేపల్లిగూడెం పోతుంది. నాకు మిగిలేది ఆ మూసిన గది.

ఫోనెత్తినప్పుడల్లా అవతలి మాట వెనక ఒక చప్పుడు ఉండేది. ఆగి ఆగి ఊపిరి తీస్తున్నట్టు. చివర్లో మావాడికి మాట పడిపోయాక వినిపించింది అదే. ఎవరూ చెయ్యకపోయినా ఊరికే ఎత్తి వినేదాన్ని. కోడలు చూసి, మళ్ళీ తన పనిలో పడేది.

చివరికి హాల్లో ఫోన్ తీగే పీకేసింది. "అత్యవసరమైతే పక్కింటికి చేస్తారులెండి అత్తయ్యా," అంది.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దం. ఏదీ మోగలేదు. నేను చూస్తుండగానే దీపం ఆరిపోయింది. అప్పుడు మూసిన గదిలోంచి చప్పుడు. టిక్ టిక్. ఆగింది. మళ్ళీ టిక్ టిక్. ఫోన్ ఎలా మోగి ఆగుతుందో అచ్చం అలాగే.

కోడలి భుజం తట్టాను. "గదిలో ఏదో చప్పుడవుతోందే."

"బల్లి లెండత్తయ్యా," అంది తల తిప్పకుండా.

"బల్లి భజనలో తాళం వేసినట్టు కొడుతుందా?"

"కొడుతుందేమో."

రెండు రోజులు నిద్ర లేదు. మూడోనాడు వంటింట్లో సొరకాయ తరుగుతుంటే గుర్తొచ్చింది. మావాడు మంచం పట్టినప్పుడు స్నేహితులతో మాట్లాడుకుంటాడని పక్కన స్టూలు మీద ఇంకో ఫోన్ పెట్టించాం. జబ్బు ముదిరాక నిద్ర చెడుతుందని కోడలే దాని మోత ఆపేసింది; ఫోన్ వస్తే లోపల టిక్ టిక్ మాత్రం ఉండేది. దానికి డబ్బీ లేదు. అప్పటికి ఇంట్లో నెట్టే లేదు కదా.

అలా తెలిశాక భయం పోవాలి. పోలేదు. తలుపు తీస్తే గాని అది ఆగదని ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇంకా పెరిగింది.

ఆ రోజే పెద్ద వాన. లైన్‌మన్‌కి కబురు పెడితే కేబుల్ గుంటల్లోకి నీళ్ళొచ్చి ఊళ్ళో సగం లైన్లు పోయాయి, తను రావడానికి రెండ్రోజులు పడుతుందన్నాడు. సాయంత్రానికి ఫైలు వెళ్ళాలి. దీపం ఆరింది, వచ్చింది, ఆరింది. కోడలి వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఏడవలేదు. "ఇది వెళ్ళకపోతే రేపు నాన్నగారిని రమ్మంటానత్తయ్యా," అని మళ్ళీ అటు తిరిగి చెవులకి తగిలించుకుంది.

నేను లేచాను. ముళ్ళకంప కాలితో పక్కకి నెట్టాను. గుచ్చుకుంది. "తీసుకుపోతే నన్ను తీసుకుపో, దాని జోలికి పోకు," అని గడపతో చెప్పి తాళం తీశాను.

లోపల చెమ్మ వాసన, కామెర్లకి పోసిన నేల ఉసిరి పసరు వాసన. తలుపు వెనక సుద్దతో అ, ఆలు. మావాడు నాకు అక్షరాలు నేర్పింది ఆ తలుపు మీదే. వాడు రాసినవి గుండ్రంగా, కింద నేను దిద్దినవి వంకరగా. మంచం మీద పరుపు లేదు. స్టూలు మీద ఫోన్, దాని మీద దుమ్ము. చప్పుడు ఆగిపోయుంది.

ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. హాల్లో కంటే దగ్గరగా ఉంది ఆ ఊపిరి.

"ఏరా," అన్నాను. కాసేపు విన్నాను. "నీ పెళ్ళానికి పనుందిరా. పెట్టేస్తున్నాను."

పెట్టేసి, గోడలోంచి దాని తీగ పీకేశాను. తాళం వేసి, కంప యథాప్రకారం పెట్టి, వచ్చి నా చోట కూర్చున్నాను. మూడో దీపం వెలిగింది. సాయంత్రం దాకా ఆరలేదు. ఫైలు వెళ్ళింది. కోడలు చెవులవి తీసి బల్ల మీద పెట్టి, పొయ్యి వెలిగించడానికి లేచింది.

ఆ తర్వాత నెలలు నేనెలా గడిపానో నాకే తెలుసు. ఆమె దగ్గితే లేచి చూసేదాన్ని. ఒళ్ళు వెచ్చబడితే కళ్ళు పచ్చబడ్డాయేమోనని రెప్పలు ఎత్తి చూసేదాన్ని. ఆమె కూడా నన్ను అలాగే చూసేది. మెట్టు దిగితే చెయ్యి పట్టుకునేది. పెద్దదాన్నని అనుకున్నాను.

గడువయ్యాక పంతులుగారు శాంతి చేయించి గది తెరిపించారు. ఊడుస్తూ కోడలు పీకేసిన తీగ చేతిలోకి తీసుకుంది.

"ఆ రోజు తాళం చప్పుడు విన్నానత్తయ్యా."

"చెవులకి అది పెట్టుకుని ఉన్నావుగా?"

"నెట్ లేనప్పుడు అందులో వినడానికి ఏముంటుందండీ?"

"మరి ఇక్కడ ఫోనుందని నీకెప్పుడు గుర్తొచ్చింది?"

"మీరు బల్లి తాళం వేస్తుందా అన్నప్పుడే. చెబితే మీరు తలుపు తీసేస్తారని చెప్పలేదు. లైన్‌మన్ వచ్చాక ఈ గదికొచ్చే తీగ బయటనుంచే తీయిద్దామనుకున్నా."

"ఈలోగా పని పోయుండేది."

"పనేగా పోయేది," అని చీపురు అందుకుంది.

హాల్లో ఫోన్‌కి తీగ మళ్ళీ తగిలించాం. వాళ్ళ నాన్నగారు ఆ వారంలో మళ్ళీ ఫోన్ చేశారు. "ఇక్కడే బాగుంది నాన్నగారూ," అని చెప్పేసింది. అప్పుడు దీపం ఆరలేదు.

గదిలో ఫోన్‌కి కూడా డబ్బీ పెట్టడానికి లైన్‌మన్ వచ్చాడు. గుమ్మం పైన తీగ అతుకు చూపించి, తడి పట్టి చిలుమెక్కిందనీ, ఫోన్లో చప్పుడు దానివల్లేననీ అన్నాడు. కోసి కొత్తగా అతికి, ఫోనెత్తి నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు వినండి మామ్మగారూ. శుభ్రంగా ఉంటాది."

విన్నాను. చాలాసేపు విన్నాను. అందులో ఏమీ లేదు.

"ఉందయ్యా, శుభ్రంగానే ఉంది," అన్నాను.