షారోన్ టీచర్ గాజుల దుకాణం

మొఘల్‌పురా అంగన్‌వాడీలో షారోన్ టీచర్ కుర్చీ ఎక్కదు, పిల్లల మధ్య నేల మీదే కూర్చుంటుంది. ప్లాస్టిక్ నీళ్ల సీసాలను గుండ్రంగా కోసి, అంచులు గీసుకోకుండా టేపు చుట్టి గాజులు చేస్తుంది. దుకాణం ఆటలో పిల్లలు అమ్ముతారు, తను కొంటుంది. గాజులమ్మే నీలమ్మ కూతురు స్వీటీ మాత్రం చేరి నెల దాటినా ఇక్కడ నోరు విప్పలేదు. "ఇంట్ల మస్తు లొల్లి జేస్తది టీచర్, ఈడ ఏమైతదో" అని తల్లికి ఒకటే ఫికర్. ఇవాళ టీచర్ స్వీటీ ముందు చెయ్యి కర్రలా బిగించి చాచింది. గాజు వేళ్ల దగ్గరే ఆగిపోయింది. స్వీటీ తోసి చూసి విసుక్కుంది.

"గట్ల బిగవడితె ఎట్ల ఎక్కుతదమ్మా? చెయ్యి జర వదులుగ వెట్టు. ఏం గాదు, నేనున్న గద" అంది, అచ్చం తల్లిలా.

బిడ్డను తీసుకుపోవడానికి వచ్చిన నీలమ్మ గుమ్మంలోనే ఆగి కొంగుతో నోరు మూసుకుంది. టీచర్ అటు చూడనే లేదు. గాజు ఎక్కగానే రెండో చెయ్యి ఇంకా గట్టిగా బిగించి చాచింది.