మారెన్ గీసిన వంశం

మారెన్ ట్రెగెంజా బల్ల నా బల్ల పక్కనే ఉండేది, అడిలైడ్ యూనివర్సిటీలో వెలుతురు సరిగా రాని ఒక గదిలో. ఆమె చదివింది లెక్కలు. బతుకు మాత్రం జంతువుల జన్యువుల చుట్టూ తిరిగింది. ఒక్కో జంతువునూ ఒక చుక్కగా పెట్టి, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు గీతలు కలుపుకుంటూ పోతే పెద్ద వల తయారవుతుంది. ఎప్పుడో చచ్చిపోయిన పూర్వీకుల చుక్కలు కనబడవు. బతికున్నవాటి జన్యువులను బట్టి వెనక్కి లెక్కకట్టుకుంటూ వాటిని పోల్చుకోవాలి. అలా అల్లగలిగే వలలకు అంతు లేదు. వాటిలో నిజానికి దగ్గరగా ఉన్నదాన్ని కంప్యూటర్ చేత తొందరగా పట్టించే పద్ధతి కోసం ఆమె వయసంతా ధారపోసింది. చివరికి సాధించింది.

ఆ సంగతి ఉత్తరాన ఫ్లిండర్స్ కొండల్లో పనిచేసే డగల్ హోడ్ చెవిన పడింది. డగల్ అక్కడి వన్యప్రాణుల పార్కుకు కాపలాదారు. ఒక లోయలో మిగిలిన కాసిని వల్లబీలను, చారల తోకల చిన్న కంగారూల్లాంటివాటిని, అతనే సాకేవాడు. వాటిని తినే నక్కలను తుపాకీతో కాల్చేవాడు. కరువులో బండి మీద నీళ్లు తోలేవాడు. అవి ఆ లోయలోనే పుట్టిన వేరే వంశమని అతని నమ్మకం. అది రుజువైతే లోయ చుట్టూ నక్కలు దూరని కంచె వేస్తామని పార్కుల శాఖ మాటిచ్చింది.

వల్లబీల చెవి అంచుల నుంచి తీసిన ముక్కలను ఐసుపెట్టెలో పెట్టుకుని అతనే వచ్చాడు. మా అందరికీ క్వాండాంగ్ అనే అడవిపళ్లు పెట్టి చేసిన తీపి రొట్టె కూడా తెచ్చాడు.

"ఏమ్మా చుక్కల డాక్టరూ, మా పిల్లల జాతకం ఎప్పుడు చెప్తావ్?"

"జాతకం కాదయ్యా మహానుభావా, పుట్టుపూర్వోత్తరాలు. కబుర్లు ఆపి ఆ పెట్టె ఇటు పెట్టు."

"మంచిగా రాకపోతే ఆ రొట్టె తిరిగిచ్చెయ్యాలి మరి!"

మారెన్ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఫలితం వచ్చింది. లోయలో ఉన్నవన్నీ ఇంకా ఉత్తరాన ఉండే మామూలు వల్లబీల మందకు చెందిన ఒక్క జంట సంతానం. పాత లోయ వల్లబీల గీత ఒక్కటీ మిగల్లేదు. ఏదో కరువులో అసలువి చచ్చిపోయుంటాయి; ఎవరో తెచ్చి వదిలిన జంట వాటి చోట పెరిగింది. ఆమె ఆ చెవి ముక్కలన్నీ మళ్లీ పరీక్షకు పంపింది. తన పద్ధతిలోనే తప్పు వెతికింది.

"తప్పు దొరికితే బాగుండునే" అంది నాతో. అన్నేళ్ల కష్టం తప్పని తేలాలని తనే కోరుకుంది.

"ఇప్పటికి వేరే వంశమేనని చెప్పొచ్చుగా? కంచె పడ్డాక నిజం..." అన్నాను.

"అబద్ధం చెప్పి వేయించిన కంచె ముందు నేనెలా తలెత్తుకుంటాను?"

ఫోన్లో చెప్పకూడదని కారేసుకుని కొండలకు వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. డగల్ వరండాలో టీ కాస్తూ అంతా విన్నాడు.

"అంటే ఇవి మావి కావంటావ్."

"నీవే, డగల్. కాకపోతే వేరే వంశం మాత్రం కాదు."

"శాఖవాళ్లకి ఆ రెండో ముక్క చాలు." టీ మా ముందు పెట్టి లోపలికి పోయాడు. చాలాసేపు చూశాం. మళ్లీ బయటికి రాలేదు.

ఇలాంటివి ఉత్తరాన బోలెడున్నాయిగా అని శాఖ కంచెను వేరే చోటికి తరలించింది. లోయలో డగల్ కాపలా పనినీ రద్దు చేసి అతన్ని పోర్ట్ అగస్టా పట్టణంలోని ఆఫీసుకు పంపేశారు. మారెన్ ఫోన్ చేస్తే అతని కూతురు తీసి, "నాన్న మీతో మాట్లాడరండీ, ఏమీ అనుకోకండి" అంది.

మారెన్ పద్ధతికి మాత్రం మంచి పేరొచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లో చేపలకూ చిలకలకూ వాడుకున్నారు. సభల్లో పిలిచి లోయ వల్లబీల వలను తెర మీద చూపించమనేవాళ్లు. మొదటిసారి చూపించింది. ఆ తర్వాత పిలిచినా వెళ్లలేదు.

పోయిన వసంతంలో ఒంటరిగా లోయకు వెళ్లింది. తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుంటే, ఏవైనా కనబడ్డాయా అని అడిగాను.

"మేకలున్నాయి" అంది. "రాళ్ల మీద అడవి మేకలు. కింద నక్కల అడుగులు. వల్లబీ ఒక్కటీ లేదు."

బూట్లకు అంటిన ఎర్రమట్టి దులుపుకోకుండానే, ఆ మధ్యాహ్నం విద్యార్థులకు పాఠం చెప్పడానికి లేచి వెళ్లింది.