నేను కొలవని డెబ్బై ఐదు

పదకొండేళ్ల పది నెలల పదమూడు రోజులుగా ఒక సంఖ్యను మోస్తున్నాను. డెబ్బై ఐదు. దాన్ని నేను కొలవలేదు. ఎవరో కొలిచారని ఎక్కడా చదవనూ లేదు. కల్పించాను. నింద మరొకరి మీద వేశాను. మీతో దాపరికం లేకుండా చెబుతాను.

1976 ఆగస్టు 21, శనివారం. తిరుత్తణిలో విజ్ఞాన ప్రదర్శన. తిరువళ్ళూరు బడిలో నేను భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. ప్రయోగశాల సహాయకుడు జయరాజు చదువు పూర్తిచేసి, ఉపాధ్యాయ పదవికి సిఫారసు కోసం ఎదురుచూస్తున్నాడు. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో తెలిపే పటం ఇద్దరం కలిసి గీశాం. ప్రతి సుమారు ముప్పై మూడు లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు యాభై కిలోమీటర్లని శాస్త్రజ్ఞుల్లో ఒక పక్షం, నూరని మరో పక్షం. జయరాజు రెండూ రాశాడు.

"ఒక ప్రశ్నకు రెండు జవాబులా? నగుతారు జయరాజూ," అన్నాను.

"నగనీ అన్నా. కొలిచినోళ్లకే తేలలేదు, మనం యాడ తేలుస్తాము? కొట్లాట ఉండాది, ఉండాదని రాసినాను. మీరేమన్నా ఆకాశానికి కరణమా?"

మాది సేద్యగాళ్ల ఇల్లు. పొలంలో రెండు గొలుసు కొలతలు కలవకపోతే పెద్దలు గట్టురాయిని నడిమధ్య పాతిస్తారు. ఇద్దరూ ఒప్పుకొని ఇంటికి పోతారు. పొలానికి అది న్యాయమే. ఆ న్యాయాన్నే ఆకాశానికి వర్తింపజేశాను. ప్రదర్శన రోజు ఉదయం జయరాజు రాకముందే, అతని సంఖ్యల మీద కాగితం అంటించి, యాభైకి నూరు కలిపి రెండుతో భాగించి డెబ్బై ఐదని రాశాను.

మద్రాసు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత పటం ముందు ఆగి, ఈ విలువ తనెక్కడా చూడలేదే, ఎవరు కొలిచారని అడిగాడు. నేనేం చెప్పాను? "జయరాజు రాశాడు" అన్నాను. రెండే మాటలు. పక్కనున్న ప్రధానోపాధ్యాయుడు విన్నాడు. లేని కొలతను సృష్టించేవాడు పాఠం చెప్పడానికి పనికిరాడని సిఫారసు ఆపేశాడు. జయరాజు నా వైపు చూసి ఊరుకున్నాడు. ఎందుకు? గౌరవమా? నా మాటకు ఎదురుగా తన మాట నిలవదని తెలిసా? ఖచ్చితమైనవాణ్ణని గర్వించే నా దినచర్యలో ఆనాటి ఎండ, బస్సు వేళలు, వచ్చినవారి లెక్క అన్నీ ఉన్నాయి, ఆ రెండు మాటలు తప్ప.

నేడు, 1988 జూలై 4, సోమవారం, ఉపాధ్యాయుల సమావేశంలో లేచి నిలబడ్డాను. ఇప్పటికీ సహాయకుడిగానే ఉన్న జయరాజు ఎదుట, అందరి ఎదుట, జరిగింది చెప్పాను. ఆ కొట్లాట శాస్త్రజ్ఞుల మధ్య ఈనాటికీ తేలలేదనీ, ఆ రోజు సరైన జవాబు రాసింది జయరాజు ఒక్కడేననీ బిగ్గరగా ప్రకటించాను. సంతకం చేసిన కాగితం ప్రధానోపాధ్యాయుడి చేతిలో పెట్టాను.

జయరాజు తాళంచేతులు తీసుకొని ప్రయోగశాలకు వెళ్లిపోయాడు. క్షమించాడని రాయను, అతను కోల్పోయిన ఏళ్లకు నా దగ్గర లెక్క లేదు. అయినా ఇంటికి తలెత్తుకొని నడిచివచ్చాను. తప్పు నాదని అందరికీ తెలిసింది. నిజం ఇక నా ఒక్కడి దగ్గరే లేదు.