బాంబులు వేసేవాడి కోసం కూడా: శామీర్‌పేట దగ్గర ఒక ఆగమన ఆదివారం

ఇరాక్‌లో యుద్ధం మొదలైన ఏడాది నవంబరు చివర అది. టీవీలో బాగ్దాద్ మంటలు చూసి చూసి నాకు ప్రార్థన చేయడమే చేతకాకుండా పోయింది. కళ్లు మూసుకుంటే మాటలు దొరికేవి కావు. మా ఆఫీసులో పనిచేసే సునంద అది విని, "ఈ ఆదివారం మా ఊరికి రా అక్కా. క్రిస్మస్ ముందు ఆగమన వారాల్ల మా చర్చిల యుద్ధంల ఉన్నోళ్ల కోసం ఉపవాస ప్రార్థన జేస్తరు" అంది. ఆమె తమ్ముడు దాసు కువైట్ నుంచి ఇరాక్‌లోకి లారీ నడుపుతున్నాడు. కొన్ని వారాలుగా అతని ఫోన్ లేదు.

పొద్దున్నే జూబ్లీ బస్‌స్టేషన్‌లో బస్సెక్కాం. తూంకుంట దాటాక చలిగాలి మొహానికి కొట్టింది. గంటలోపే శామీర్‌పేటలో దిగి, మేడ్చల్ వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ఐదు రూపాయలు. డ్రైవర్ సునందను గుర్తుపట్టాడు.

"తమ్ముడు ఫోన్ జేసిండా చెల్లె?"

"లేదన్నా."

దిగేటప్పుడు అతను మెల్లగా, "నేను చర్చికి రానుగని, నా తరఫున గూడ ఒక మాట మొక్కుండ్రి" అన్నాడు.

చిన్న చర్చి. రేకుల కప్పు, నేల మీద చాపలు, ముందు బల్ల మీద ఆగమన వారానికొకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు. నిరీక్షణకు గుర్తయిన మొదటి కొవ్వొత్తిని వెలిగించమని పాస్టరుగారు సునంద అవ్వ రత్నమ్మను పిలిచారు. తల్లి పోయాక ఆ అక్కాతమ్ముళ్లను కూలి చేసి పెంచింది ఆవిడే. కొవ్వొత్తి వెలిగించి, మోకరించింది.

"తండ్రీ, నా దాసుగాడు యాడున్నడో నీకెరుక. ఆన్ని జల్దీ ఇంటికి తోల్కరా. గా దేశంల గూడ నా అసొంటి అవ్వలు వాకిట్ల కూసోని ఎదురుసూస్తుండ్రు. ఆళ్ల పిల్లల్ని గూడ తోల్కరా. బాంబులేసేటోనికి గూడ ఒక తల్లుంటది. ఆన్ని గూడ ఇంటికి పంపు."

ఎవరి కోసం ప్రార్థించాలో, ఎవరిని అసహ్యించుకోవాలో తేల్చుకోలేక నేను మూగబోయాను. ఆవిడ అందరినీ ఒక్క ఊపిరిలో దేవుడి ముందు నిలబెట్టింది. చాలా రోజుల తర్వాత నా గొంతులోంచి "ఆమెన్" వచ్చింది.

ప్రార్థన ముగిశాక పప్పన్నం తింటూ అడిగాను. "అవ్వా, బాంబులు వేసేవాళ్ల మీద కోపం రాదా?"

"మస్తొస్తది బిడ్డా. గందుకే గదా మోకాళ్ల మీద వడేది."

క్రిస్మస్‌కు ముందు దాసు ఫోన్ చేశాడు. దారిలో లారీల మీద దాడి జరిగింది. అతని చేయి విరిగింది, ప్రాణం దక్కింది. ముందు వెళ్తున్న లారీ నడిపిన స్నేహితుడు చనిపోయాడు. అవ్వ ఏడ్చి, కళ్లు తుడుచుకుని మొదట అడిగిన మాట: "గా పిలగాని తల్లి పేరేంది?" ఆ రోజు నుంచి ఆ తల్లి పేరు చెప్పి కూడా ప్రార్థిస్తోందని సునంద చెప్పింది. నిరీక్షణ అంటే మనవాళ్లు తిరిగి రావడమే అనుకునేదాన్ని. మనవాడు క్షేమమని తెలిశాక కూడా తిరిగి రానివాళ్ల కోసం మోకరించడం అంటే ఏమిటో ఆవిడ దగ్గరే చూశాను.

ఆ చర్చికి వెళ్లాలనుకునేవారికి ఒక మాట: ఉపవాస ప్రార్థన మధ్యాహ్నం దాటాకే ముగుస్తుంది. తిరుగు బస్సుకు టైము పెట్టుకుని వెళ్లకండి.