యాదమ్మ నెత్తురు ఏం చెప్పిందంటే

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో యాంటీబాడీలు కాలంతోపాటు ఎలా మారతాయో చూసే ఒక పరిశోధన కోసం, మర్రిగూడ మండలంలోని ఒక పల్లెలో ఏడాదిపాటు మూడు నెలలకోసారి రక్తం తీసింది నేనే. ఫలితాలు వచ్చాక మళ్ళీ వచ్చి చెబుతానని మాటిచ్చిందీ నేనే. తీరా పని ముగిశాక, "వ్యాసం అచ్చవుతుంది కదా, ఊరికి వెళ్ళడమెందుకు" అన్నారు మా పైవాళ్ళు. ఆ వ్యాసం ఇంగ్లిషులో ఉంటుంది. ఊళ్ళో ఎవరు చదవాలి? అంతలో యాదమ్మ ఫోన్ చేసింది. నాకు రక్తమిచ్చినవాళ్ళలో ఒకామె, బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. మాటిమాటికీ నెత్తురు తీశారంటే ఏదో రోగముందని ఆమెను పని మాన్పించారట. నాకు ఒళ్ళు మండింది. శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను.

హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నరకు మాల్ అనే ఊరి మీదుగా వెళ్ళే పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు చార్జీ లేదు. రెండున్నర గంటల తర్వాత మర్రిగూడలో దిగి, ఊరికి యాభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. పనేమిటో చెబితే డ్రైవర్ వెనక్కి తిరగకుండానే అన్నాడు: "ఫ్లోరైడని నీళ్ళు పట్టుకపోయిన్రు, మూత్రం పట్టుకపోయిన్రు. మల్లొచ్చి జెప్పినోడు ఒక్కడు లేడు మేడం."

యాదమ్మ పత్తి ఏరే కూలికి పోయింది. నేనూ అక్కడికే వెళ్ళి, చేని గట్టు మీదే ఫలితాల కాగితాలు పరిచి చెప్పాను. యాంటీబాడీలంటే రోగాలతో కొట్లాడటానికి ఒళ్ళు తయారుచేసుకునేవి. వానాకాలంలో జ్వరం వచ్చినప్పుడు ఆమె ఒంట్లో కొన్ని బాగా పెరిగాయి, మూడు నెలలకు తగ్గాయి. తక్కినవి చాలావరకు ఏడాదంతా అట్లాగే ఉన్నాయి. అవి ఆమెకే ప్రత్యేకం, పక్కింటామెవి వేరుగా ఉంటాయి.

"అంటే నాకు ఏ రోగం లేనట్టేనా?"

"లేదనే నిన్ను తీసుకున్నం అక్కా."

"గా ముచ్చట అప్పుడే ఊళ్ళె జెప్పకపోతివి చెల్లె."

రక్తం తీసింది రోగం ఉండి కాదని అక్కడే కూర్చుని ఒక ఉత్తరం రాశాను.

ఇద్దరం బడికి వెళ్ళాం. హెడ్మాస్టరు నేను రాసిచ్చిన ఉత్తరం చదివి, "తల్లులు భయపడ్డరమ్మా, నేనేం జేద్దును? సోమవారం నుంచి రమ్మను" అన్నాడు. యాదమ్మ కదల్లేదు.

"గట్ల గాదు సార్. అందరి ముందట వద్దన్నరు. గీ కాగితం గూడ అందరి ముందటనే సదవాలె."

ఆయన తల్లులను పిలిపించాడు. అన్నం గంటకు ముందు, వరండాలో నిలబడి ఉత్తరం మొత్తం చదివాడు. మొదట ఫిర్యాదు చేసినామె నా వైపు తిరిగి, "మమ్ముల గూడ అప్పుడే కూసోబెట్టి జెప్తే గింత దాక రాకపోతుండె గద" అంది. యాదమ్మ సోమవారం దాకా ఆగలేదు. కొంగు నడుముకు చెక్కి వంటగదిలోకి నడిచింది.

మూడు గంటల బస్సులో తిరిగి వస్తుంటే కోపం తగ్గలేదు. రక్తంలో చిన్న చిన్న మార్పులు కూడా వదలకుండా కొలిచాం, ఆ మనిషి బతుకులో వచ్చిన మార్పు మాత్రం మాకు కనబడలేదు. ఆ 'మా'లో నేనూ ఉన్నాను. మీ ఊరికి ఎవరైనా రక్తం అడగడానికి వస్తే, ఫలితం ఎవరు, ఎప్పుడు, ఊరందరికీ ఎట్లా చెబుతారో తెలుగులో రాయించుకోండి. ఆ తర్వాతే చెయ్యి చాపండి.