కర్రికి ముప్పై రోజుల గడువు

మొన్న ఆదివారం పొద్దున ఎదురింటి టీచరమ్మ ఒక చేతిలో ఫోను, చంకలో కాలు వంకరున్న ఓ కుక్కపిల్లతో మా గేటు తీసుకొని వచ్చింది. "సార్, మీరు కాగితాలు మంచిగ సదువుతరట గద, దీనికి పుట్టుకతోనే కాలు బాగలేదు, గిసొంటిదానికి ఏ ఇన్సూరెన్స్ మంచిదో జర చూసి చెప్పుండ్రి" అని అడిగింది. నేను కళ్ళద్దాలు తెచ్చుకుంటానని చెప్పి, అవి జేబులోనే ఉన్నా లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి రాలేకపోయాను. చివరికి మా ఇంటావిడే ఆమెకు చాయ్ ఇచ్చి, నాకు ఒంట్లో బాగలేదని చెప్పి పంపింది.

కాగితాలు చదవడం నా బతుకుదెరువు. ఈ కరీంనగర్‌కు వచ్చి స్థిరపడక ముందు బెల్లంపల్లి వైపు ఒక బొగ్గుబాయి, అంటే బొగ్గుగని, ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేశాను. బాయి కాలనీల్లో బతికిన నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అక్కడ మనిషికి చేతిలో బొగ్గెత్తే తట్ట ఎంత ముఖ్యమో దవాఖాన చీటీ కూడా అంతే ముఖ్యం. నడుము పట్టినా, చెవి వినపడకపోయినా, దగ్గు వచ్చినా ఎప్పటికప్పుడు కంపెనీ దవాఖానలో రాయించుకోవాలి. రేపు మెడికల్ బోర్డు ముందు నిలబడ్డ రోజున ఆ రాతలే మాట్లాడతాయి, ఇక పనికి చాలడని బోర్డు మనిషిని దింపేసినా, ఇంట్లో ఒకరికి ఆ కొలువు దొరుకుతుంది. మా పెద్దబాపు ఆ సంగతి పట్టించుకోలేదు. దగ్గే గదా అని పదేళ్ళు మొహమాటపడి, ఊపిరితిత్తులు పోయాక మంచాన పడితే, చూపించడానికి ఒక్క చీటీ లేక ఆ ఇంటికి ఏదీ రాలేదు. అప్పటి నుంచి నాకు అదొక పిచ్చి పట్టుకుంది. మరాఠీవాడైనా, ఉత్తరాదివాడైనా, మన పల్లెల నుంచి వచ్చినవాడైనా బాయి మీద కుంటుతూ కనిపిస్తే చాలు, వెంటపడి దవాఖానకు పంపి, రాయించుకొచ్చిన చీటీ చూసేదాకా వదిలేవాణ్ణి కాదు. నన్ను చూసి జనం నవ్వుకునేవారు కానీ, బోర్డు పిలుపు వచ్చిన రోజున మాత్రం నా ఇంటికే వచ్చేవారు.

సర్వీసు చివరి రోజుల్లో ఒక వానాకాలం మా క్వార్టర్ వరండాలోకి తడుస్తూ వచ్చిన నల్లటి ఆడ కుక్కపిల్లే కర్రి. మా ఇంటావిడ పెట్టిన పేరు అది. మేము ఇక్కడికి మారినప్పుడు సామాన్ల లారీలో బీరువా పక్కన కూర్చొని అదీ వచ్చింది. నా అలవాటు కొద్దీ దానికీ ఒక ఆరోగ్య పుస్తకం చేయించాను. స్కూటర్ తగిలి వెనక కాలు పట్టేయడం, ఏటేటా చెవిలో చీము, రెండుసార్లు వచ్చిన ఫిట్స్, ఒకసారి చలికి తుమ్మితే ఆ తుమ్ము కూడా, డాక్టరు వద్దన్నా వినకుండా రాయించాను. అంత శ్రద్ధగా రాయించే మనిషిని తాను చూడలేదని ఆయన అంటే, సిగ్గు లేకుండా పొంగిపోయాను.

దానికి ఆరేళ్ళు నిండిన ఏడు భయం పట్టుకుంది. మా ఇద్దరికీ కంపెనీ దవాఖాన ఉంది, దానికి ఏదీ లేదు. పెద్ద ఆపరేషన్ ఏదైనా వస్తే నా పింఛను ఏ మూలకూ చాలదు. అందుకని నాలుగు కంపెనీల షరతులు తెప్పించి, తెల్లకాగితం మీద గళ్ళు కొట్టి, ఏ గడిలో ఏముందో వారం రోజులు రాసుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన పని బాయి గుమాస్తా తప్ప ఇంకెవరూ చేయరు. రోగాలు ఎన్ని ఎక్కువ రాసి ఉంటే హక్కు అంత గట్టిదనుకొని, కర్రి పుస్తకం మొత్తం ఫొటోలు తీసి నలుగురికీ పంపాను. ముగ్గురు వద్దన్నారు. నాలుగోవాళ్ళు ఒప్పుకున్నారు గానీ, ముందు నుంచీ ఉన్న జబ్బులకు వర్తించదని కాలు తీసేశారు, చెవులు తీసేశారు, ఫిట్స్ తీసేశారు. "ఇగ తోకకు తప్ప దేనికీ లేదన్నట్టేనా?" అని మా ఇంటావిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. జీవితమంతా నేను నమ్మిన నీతి అక్కడ తలకిందులైందని అప్పుడు తెలిసింది. అయినా కొత్తగా వచ్చే పెద్ద రోగానికైనా పనికొస్తుందని ఆ నాలుగోదే తీసుకున్నాను. మొదటి ముప్పై రోజుల్లో ఏ జబ్బు బయటపడ్డా అది పాతదాని కిందికే పోతుందని ఫోనులో ఆ కంపెనీ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేను దాన్ని మనసులో రాసుకున్నాను. రాసుకోకపోయినా బాగుండేది.

ఇరవయ్యో రోజున కర్రి నీళ్ళు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. గిన్నె నింపిన కొద్దీ ఖాళీ చేసేది, అన్నం మాత్రం వాసన చూసి వదిలేసేది. డాక్టరు దగ్గరికి తోల్కపోదామని మా ఇంటావిడ అంది. ఎండలు కదా, ఆగుదామన్నాను. మూడు రోజులకు దాని కడుపు ఉబ్బినట్టు కనిపించింది. "గిట్ల చూసుకుంట కూసునుడేంది, పాండ్రి" అని ఆమె చెప్పులు వేసుకొని నిలబడితే, ఇంకో ఏడు రోజులు ఆగితే గడువు తీరుతుందని, ఇప్పుడు పుస్తకంలోకి ఎక్కితే ఏ ఆసరా ఉండదని, అదంతా దాని మంచికేనని నచ్చజెప్పాను. నేను చదువుకున్నవాణ్ణి, కాగితాల సంగతి నాకు తెలుసునని నమ్మి, ఆమె చెప్పులు విప్పేసింది. ఆ ఏడు రోజులూ నేను పిలిస్తే కర్రి లేచి రావడానికి ప్రయత్నించేది. రాలేక తోక మాత్రం ఆడించేది.

ముప్పై ఒకటో రోజు పొద్దున్నే ఆటోలో తీసుకెళ్ళాం. ఆ రోజు మా పాత డాక్టరు ఊళ్ళో లేడు, వేరే ఆయన చూశాడు. "ఎప్పటి నుంచి గిట్లున్నది?" అని అడిగాడు. పుస్తకంలో గడువు లోపలి తేదీ పడకూడదని, ఇవాళ తెల్లవారుజాము నుంచే అని చెప్పాను. ఆ మాట నా నోట్లో నుంచే వచ్చింది. మా ఇంటావిడ నా మొహంలోకి చూసి, తర్వాత కర్రి తల నిమురుతూ కిందికి చూసింది. ఒక్కపూటదే అయితే తిండి పడక కడుపు చెడి ఉంటుందని ఆయన సూదివేసి, రేపటికి తగ్గకపోతే స్కానింగ్ చేద్దామన్నాడు. పది రోజుల నుంచి అని నేను చెప్పి ఉంటే అప్పుడే చేసేవాడు. మరునాడు పదిగంటల వేళ మళ్ళీ ఆటో మాట్లాడుకొని వెళ్తుంటే, మంచిర్యాల చౌరస్తా దాటకముందే మా ఇంటావిడ ఒడిలో అది చనిపోయింది. అలాగే తీసుకెళ్ళి పది రోజుల సంగతి చెబితే, స్కానింగ్ చేసి చూసి, గర్భసంచిలో చీము పట్టిందని, ఇలా నీళ్ళు ఎక్కువ తాగడమే దాని మొదటి గుర్తని, వారం ముందు తెచ్చినా ఆపరేషన్ చేస్తే బతికేదని ఆ డాక్టరు చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. నేను చంపుకున్నాను దాన్ని.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. ఆ టీచరమ్మకు ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ కంపెనీ మంచిదని చెప్పను? నా కాలంలో రోగాన్ని కాగితం మీద పెట్టడమంటే మన బాధ ఎవరో ఒకరు మోస్తారన్న ధైర్యం ఉండేది, ఇప్పుడు అదే రాత చూసి తలుపు వేస్తారు. కానీ కాలాన్ని తిట్టుకొని నేను తప్పించుకోలేను. దాహమేసిన మూగజీవాన్ని ఎదురుగా పెట్టుకొని కేలెండర్ చూసినవాణ్ణి నేనే.

పోయిన నెల మా ఇంటావిడ ఎడమ చెయ్యి గుంజుతున్నదని వారం రోజులు నాకు తెలియకుండా జండూబామ్ రాసుకుంది. తెలిశాక, ఎందుకు చెప్పలేదని కేకలేశాను. ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. "ఎన్ని దినాలు ఆగుమంటరో తెల్వక చెప్పలే" అంది. వెంటనే దవాఖానకు తీసుకెళ్ళాను, నరం పట్టిందన్నారు, భయం లేదన్నారు. బాయి మీద వందలమంది ఎవరికీ చెప్పుకోని నొప్పులు నా దగ్గరికి వచ్చి చెప్పుకునేవారు. ఇప్పుడు నా ఇంట్లో మనిషే నాకు నొప్పి చెప్పడానికి భయపడుతున్నది.