మామ, ఇంజన్, అయిపోయిన రీలు

మెడలో కెమెరా వేలాడితే చాలు, మిగతా మనుషులంతా కాస్త పొట్టిగా కనిపించే వయసు అది. మేడ్చల్‌లో ఓ స్టూడియోలో పనికి కుదిరాను. (నా అసలు పని పెళ్లిళ్లలో లైటు పట్టుకోవడం. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) మా మేనమామ గోదావరి దగ్గర బొగ్గు గనుల్లో వ్యాగన్లు లాగే ఆవిరి ఇంజన్ నడిపేవాడు. దాన్ని నెలాఖరుకు తుక్కుకు పంపుతున్నారని తెలిసి నాకు కబురు పెట్టాడు. “అల్లుడూ, ఇరవై ఏండ్లు దానితోనే బతికిన. పక్కన నిలబడి ఒక్క ఫోటో దిగాలె. జల్దీ రా.”

స్టూడియో కెమెరా అడిగి తీసుకుని, ఒక్క రీలుతో వెళ్లాను. తెల్లవారి పొగమంచు, బొగ్గు పొగ కలిసిపోయి పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. మామ గడ్డం గీసుకుని, పౌడరు అద్దుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న తెల్లచొక్కా తొడిగాడు. ఇంజన్‌కు బొట్టు పెట్టి బంతిపూల దండ వేశాడు. తోటి పనివాళ్లు పదిమంది చూడ్డానికి వచ్చారు. నాకు ఒళ్లు మండింది. నేను పంపాలనుకున్న పత్రికవాళ్ల ఫోటోల పోటీకి మసి కావాలి, చెమట కావాలి, ఈయన పెళ్లికొడుకు వేషమేమిటి? “మామా, గా దండ తీసెయ్యి. నువ్వు జర పక్కకు జరుగు, ఇంజన్‌కు అడ్డమొస్తున్నవ్” అన్నాను. ఆయన దండ తీసి, దాన్ని చేత్తో పట్టుకుని పట్టాల పక్కన నిలబడ్డాడు. నేను పొగను తీశాను, చక్రాలను తీశాను, మంచును తీశాను.

“ఇగ నన్ను తియ్యి” అని మామ ఇంజన్ మీద చెయ్యి వేసి నిలబడేసరికి రీలు అయిపోయింది. మీట కదలదు, బటన్ దిగదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఏమీ తోచక, కెమెరా కంటికి ఆనించి నాలికతో ‘టక్’ మనిపించాను. (“ఇంకొకటి మామా” అని రెండోసారి కూడా. సిగ్గులేనితనం ఒకసారితో ఆగదు.)

పోటీకి పంపిన ఫోటోల్లో తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. మామకు మాత్రం ముందు ‘రీలు కడుగుతున్నారు’ అని, తర్వాత ‘కడిగేటప్పుడు పాడైంది’ అని చెప్పుకొచ్చాను.

మొన్న శామీర్‌పేటలో మంచం పట్టిన మామను చూడ్డానికి వెళ్లి, ఇన్నేళ్లకు నిజం చెప్పేశాను.

“నాకు గప్పుడే ఎరుక” అన్నాడు. “ఇంజన్ల ఏ నట్టు వదులైందో సప్పుడు బట్టి చెప్పేటోణ్ణి. గది నోటి సప్పుడని తెల్వదా?”

“మరి ఎందుకు నిలబడ్డవ్ మామా?”

“పదిమందిల నీ ఇజ్జత్ పోతదని.”

నాలోని ఆ కెమెరా మొనగాణ్ణి తలుచుకుని ఇన్నేళ్లూ ఒంటరిగా నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడూ కాస్త నవ్వే వచ్చింది. కానీ ఆ రోజు నేను ‘ఇంకొకటి’ అన్నప్పుడు మామ కాలరు సర్దుకుని, ఊపిరి బిగబట్టి, మళ్లీ నిలబడ్డాడు.